ఆంగ్లపదసంపద – అర్థచ్ఛాయావివేకము

ఒక భాషయందుఁ బాండిత్యమును గోరువాఁడు ముందుగా నాశించునది పదసంపద. ఆంగ్లభాష నభ్యసించు మనవారియం దీ యాశ మిక్కిలి బలమైనది. దినమునకుఁ బది పదములచొప్పున వ్రాసికొని వల్లించువారును, నిఘంటువునే కంఠస్థము చేయఁబూనినవారును మనలోఁ బెక్కురు గలరు. ఆ పరిశ్రమ నిందింపఁదగినది కాదు. కాని యట్లు సంపాదించిన పదములు పరీక్షాపత్రములయందుఁ బ్రకాశించి, జీవితమున నవసరము వచ్చినపుడు మూఁగవోవుట మన మందఱము చూచుచున్నదే. పదముల సంఖ్య వేఱు. పదముల యభివ్యక్తిశక్తి వేఱు. ఈ రెంటికిఁ గల భేదమును విచారించి, రెండవదానిని సంపాదించు మార్గమును దెలుఁగువారి దృష్టితో నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఒక సామాన్యమైన సందర్భమును దీసికొందము. విదేశమున నుద్యోగము చేయుచున్న కుమారునియొద్దకుఁ బోయిన తల్లికి రాత్రులందుఁ గాళ్ళు బాధించుచున్నవి. కుమారుఁ డామెను వైద్యునియొద్దకుఁ గొనిపోయెను. ఆమె చెప్పినది: “అరికాళ్ళు మంటలు, వ్రేళ్ళు తిమ్మిరి, నడుమనడుమ సూదులతోఁ బొడిచినట్లుండును, పిక్కలు పీకుచున్నవి.” కుమారుఁ డాంగ్లమున వైద్యునకుఁ జెప్పినది: “ఈమెకుఁ గాళ్ళలోఁ దీవ్రమైన బాధ.” నాలుగు వేర్వేఱు మాటలు నొక్క మాటయై పోయినవి. బడికిఁ బోని తల్లి యచట భాషాసంపన్నురాలు. పట్టభద్రుఁడగు కుమారుఁడు దరిద్రుఁడు.

ఇది కేవలము శోభకు సంబంధించిన లోపము గాదు. నరములకుఁ జెందిన బాధ మంటగను, తిమ్మిరిగను, విద్యుత్తు తాఁకినట్లుగను దోఁచుట తఱచు. కండలు పీకుట వేఱు. పుండు సలుపుట వేఱు. బాధ యెట్టిదో తెలుపు మాటయే వైద్యునకు దారిచూపును. కెనడాదేశమునందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన రోనాల్డ్ మెల్జాక్ 1975లోఁ బ్రకటించిన ప్రశ్నావళియందు బాధను వర్ణించు 78 ఆంగ్లపదములు 20 వర్గములుగా నేర్పఱుపఁబడియున్నవి. అందు సలుపునకు ‘థ్రాబింగ్’, మంటకు ‘బర్నింగ్’, పోటునకు ‘స్టాబింగ్’, పీకుటకు ‘ఏకింగ్’, తిమ్మిరికి ‘టింగ్లింగ్’, స్పర్శ తెలియకుండుటకు ‘నంబ్’ అను మాటలున్నవి. వీనిలో నొక్కటియుఁ గఠినపదము గాదు. ఆ కుమారుఁడు పరీక్షలకై నేర్చిన మాటలలో నింతకంటెఁ బెద్దవి వేలకొలఁది యుండవచ్చును. అతనికిఁ గొఱవడినది పెద్దపదము గాదు, తగినపదము. తగినపదము నేర్చుటకు మొదట నాంగ్లపదములు పుట్టినచోటును, వాని పొరలను దెలియవలెను.

ఆంగ్లమునందలి మూఁడు పొరలు

తత్సమము, తద్భవము, దేశ్యము, అన్యదేశ్యము అను విభాగము తెలుఁగు వ్యాకరణము చదివినవారికి సుపరిచితము. చదువనివారు సైత మీ భేదమును దమకుఁ దెలియకయే పాటింతురు. ‘ఇంటికిఁ బోవుచున్నాను’ అని యందురు. శుభలేఖలో ‘గృహప్రవేశము’ అని వ్రాయింతురు. ‘గృహమునకుఁ బోయి దధ్యన్నము భుజించితిని’ అని మిత్రునితో ననినచో నాతఁడు నవ్వును. మాట తప్పు గాదు; చోటు తప్పు.

ఆంగ్లమునందును సరిగా నిట్టి పొరలే కలవు. అడుగున నున్నది ప్రాచీనమగు సాక్సనుభాష. 1066లో నార్మండీప్రభువగు విలియము హేస్టింగ్సు యుద్ధమున జయించి యింగ్లండు సింహాసనము నెక్కెను. అటుపిమ్మట బహుకాలము రాజాస్థానమునను, ప్రభువుల యిండ్లలోను ఫ్రెంచిభాషయే వ్యవహారమున నుండెను. పొలమున దున్నువాఁడు మాత్రము సాక్సనుభాషయే మాటలాడెను. కావుననే కొట్టమునందలి పశువునకు ‘ఆక్స్’, ‘షీప్’, ‘పిగ్’ అని సాక్సనుపేరులును, ప్రభువుల పళ్ళెరమునందలి మాంసమునకు ‘బీఫ్’, ‘మటన్’, ‘పోర్క్’ అని ఫ్రెంచిపేరులును నిలిచినవి. ఈ విశేషమును 1819లో వెలువడిన ‘ఐవన్‌హో’ అను నవలయందు వాల్టర్ స్కాట్ పాత్రలచేఁ జెప్పించి ప్రసిద్ధము చేసెను. పిదప విద్యాపునరుజ్జీవనకాలమునఁ బండితులు లాటిను గ్రీకు గ్రంథములనుండి వేలకొలఁది పదములను దెచ్చికొనిరి. ఇట్లు సాక్సను, ఫ్రెంచి, లాటిను అను మూఁడు పొరలేర్పడినవి.

ఒక్క భావమునకు మూఁడు పొరలలోను మాట లున్నచోట నాంగ్లముయొక్క శక్తి బయల్పడును. అడుగుటకు ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ అని మూఁడు గలవు. తల్లి బిడ్డను ‘అన్నము తింటివా’ యని యడుగుట మొదటిది. ఉపాధ్యాయుఁడు సంశయించి ప్రశ్నించుట రెండవది. రక్షకభటులు నేరస్థుని విచారించుట మూఁడవది. భయమునకు ‘ఫియర్’, ‘టెర్రర్’, ‘ట్రెపిడేషన్’. రాజసమునకు ‘కింగ్లీ’, ‘రాయల్’, ‘రీగల్’. అగ్నికి ‘ఫైర్’, ‘ఫ్లేమ్’, ‘కాన్‌ఫ్లగ్రేషన్’. సాధారణముగా సాక్సనుమాట హృదయమునకు సమీపమున నుండును. ఫ్రెంచిమాట సభ్యతను దెచ్చును. లాటినుమాట దూరమును, శాస్త్రీయతను, గాంభీర్యమును దెచ్చును. కుంపటిలోనిది ‘ఫైర్’; నగరమును దహించినది ‘కాన్‌ఫ్లగ్రేషన్’. కుంపటికి రెండవమాటను వాడిన వాఁడు మిత్రునితో దధ్యన్నము భుజించినవాఁడే.

ఈ పొరల కలహము మనకుఁ గ్రొత్తదియుఁ గాదు, వారికిఁ గ్రొత్తదియుఁ గాదు. 1553లో థామస్ విల్సన్ తన యలంకారగ్రంథమున, నవసరము లేకయే లాటినుపదములను గుప్పించువారిని గేలిచేసి, వాని కానాఁడు వాడుకలో నున్న ‘సిరాకొమ్ముమాటలు’ అను పేరుననే వానిని నిందించెను. అయినను గ్రొత్తపదములు నిలిచినవి. 1604లో రాబర్ట్ కాడ్రీ యాంగ్లమునకు ఆంగ్లముననే యర్థము చెప్పిన తొలి నిఘంటువును బ్రకటించినపుడు, అందలి సుమా రు 2,500 పదములును గఠినపదములే. అనఁగా నాంగ్లమున నిఘంటువు పుట్టినదే యీ పైపొరను సామాన్యులకు వివరించుటకని చెప్పవచ్చును.

ఇచ్చట మనవారికిఁ గలుగు ప్రమాదమును గుర్తింపవలెను. ఆంగ్లేయశిశువు మొదటిపొరను దల్లియొడిలో నేర్చి, పైపొరలను బిదప బడిలో నేర్చును. మనకు నాంగ్లము పుస్తకమునుండియు, కచేరీనుండియు, న్యాయస్థానమునుండియు వచ్చినది. కావునఁ బైపొరయే ముందుగా నలవడినది. ‘బై’ అనఁదగినచోట ‘పర్చేస్’, ‘లివ్’ అనఁదగినచోట ‘రిసైడ్’, ‘బిగిన్’ అనఁదగినచోట ‘కమెన్స్’ అని వ్రాయుట దీని ఫలమే. మరణవార్తను దెలుపునపు డీ దోషము మఱింత స్పష్టమగును. తెలుఁగున ‘చచ్చెను’ అనుట మోటు. గౌరవము గలచోట ‘స్వర్గస్థులైరి’, ‘పరమపదించిరి’ అందుము. ఈ సంస్కారముచేత మనవాఁ డాంగ్లమున ‘డైడ్’ అనుటకు వెఱచి ‘ఎక్స్‌పైర్డ్’ అని వ్రాయును. కాని ‘డైడ్’ అను మాటకు మన ‘చచ్చెను’నందలి మోటుఁదనము లేదు, అది ‘చనిపోయెను’ వంటిది. ‘ఎక్స్‌పైర్డ్’ అను మాటయో నేఁటి యాంగ్లేయుల నిత్యవ్యవహారమున గడువు దీఱిన అనుమతిపత్రమునకును, పాలసీసాకును దఱచుగా వాడఁబడును. గౌరవముకొఱకుఁ బెట్టిన మాట గౌరవమునే చెఱచినది.

అట్లని సాక్సనుమాటయే యెల్లప్పుడు మేలనుటయుఁ దగదు. ఫౌలర్ సోదరులు 1906లోఁ బ్రకటించిన ‘కింగ్స్ ఇంగ్లిష్’ అను గ్రంథమున, దుర్లభపదముకంటెఁ బరిచితపదమును, అమూర్తముకంటె మూర్తమును, దీర్ఘముకంటె హ్రస్వమును, లాటినుసంతతికంటె సాక్సనును గోరుకొనవలసినదని విధించి, యీ చివరి నియమమే యన్నిటికంటెఁ దక్కువ ప్రాముఖ్యము గలదని వారే చెప్పిరి. ముఖ్యమైనది పుట్టుక గాదు, ఔచిత్యము.

క్రియలో నిమిడిన రీతి

ఇఁక రెండవ విషయము. తెలుఁగునకు నాంగ్లమునకు నిర్మాణమున నొక గొప్ప భేదము గలదు. ఒక పని జరిగిన రీతిని దెలుఁగు సాధారణముగాఁ గ్రియకు వెలుపల నుంచును; ఆంగ్లము తఱచుగాఁ గ్రియలోనే యిముడ్చును. మన మనుకరణశబ్దములచేతను, అసమాపకక్రియలచేతను రీతిని దెలుపుదుము: పకపక నవ్వెను, ముసిముసి నవ్వెను, ఇకఇక నవ్వెను, బిరబిర నడచెను, కాళ్ళీడ్చుచు నడచెను. కుంటు, తూలు, ప్రాఁకు వంటి క్రియలు మనకును గలవు. కాని మన సంపద యందు ముఖ్యభాగము ధ్వన్యనుకరణములదే.

ఆంగ్లమున నడుచుటకు ‘వాక్’ సామాన్యపదము. తీరికగా విహరించుట ‘స్ట్రోల్’, పెద్ద యంగలు వేయుట ‘స్ట్రైడ్’, అలసి కాళ్ళీడ్చుట ‘ట్రడ్జ్’, తూలుచుఁ బోవుట ‘స్టాగర్’, కుంటుట ‘లింప్’, మునివ్రేళ్ళపై మెల్లగాఁ బోవుట ‘టిప్‌టో’. నవ్వుటకు ‘లాఫ్’ సామాన్యము. చిఱునవ్వు ‘స్మైల్’; పండ్లు వెలికి వచ్చునట్టి నవ్వు ‘గ్రిన్’; తనలోఁ దాను మెల్లగా నవ్వుట ‘చకిల్’; పిల్లల కిలకిల ‘గిగిల్’; ఒరుల నెగతాళి చేయు ముసినవ్వు ‘స్నిగర్’; గర్వముతోఁ బెదవి వంచుట ‘స్మర్క్’; ఫెళ్ళున నవ్వుట ‘గఫా’. ఈ భేదమును దెలియని విద్యార్థి ప్రతిచోటను ‘వాక్’, ‘లాఫ్’ అను రెండు క్రియలను నిలిపి, వాని వెనుక ‘మెల్లగా’, ‘బిగ్గరగా’ అను విశేషణములను దగిలించును. వాక్యము తప్పు గాకపోవచ్చును, కాని చప్పనగును.

తెలుఁగువాని కిచట నొక సౌకర్యము గలదు. పకపకకును ముసిముసికిని గల భేద మతఁ డెఱుఁగును. కావునఁ గ్రొత్తగా నేర్వవలసినది భేదము గాదు, భేదము వసించు చోటు. వెలుఁగువిషయమున నిది మఱింత స్పష్టము. తళతళ, మిలమిల, ధగధగ, మినుకుమినుకు అనునవి మనకుఁ జెవితోనే కాంతిని జూపు మాటలు. ఆంగ్లమున ‘గ్లిటర్’, ‘గ్లీమ్’, ‘గ్లిమర్’, ‘గ్లో’, ‘గ్లేర్’ అను మాటలు చాలవఱ కొకే ధ్వనితో మొదలగుట చూడుఁడు. ఇట్లు ధ్వనికిని భావమునకును గల పొత్తును గుర్తించి 1930లో జె. ఆర్. ఫర్త్ దాని కొక పారిభాషికపదమునే కల్పించెను. మినుకుమినుకుమను దీపము ‘గ్లిమర్’. కన్నులు మిఱుమిట్లు గొలుపు నెండ ‘గ్లేర్’. నివుఱు గప్పక మండక యెఱ్ఱనై యున్న నిప్పు ‘గ్లో’. అనుకరణశబ్దములకుఁ బెట్టినిల్లగు తెలుఁగున బుట్టినవానికి వీనిని గ్రహించుట సులభము.

పెద్దపదము లేకయే గొప్పభావమును బలుకు మఱియొక మార్గము చిన్నక్రియలకు నుపసర్గలవంటి మాటలను జేర్చుట. సి. కె. ఆగ్డెన్ 1930లోఁ బ్రకటించిన ‘బేసిక్ ఇంగ్లిష్’ అను సంక్షిప్తభాషయం దున్నవి 850 పదములు. వానిలోఁ గ్రియలు పదునెనిమిది మాత్రమే. అంత తక్కువ క్రియలతో నెట్లు సాగునన్నచో, ‘పుట్’ అను నొక్కక్రియకే ‘ఆఫ్’, ‘అప్’, ‘అవుట్’ అనువానిని జేర్చినచో వాయిదావేయుట, ఎత్తి నిలుపుట, ఆర్పుట యను వేర్వేఱు అర్థములు వచ్చును. తెలుఁగున ‘పెట్టు’ అను క్రియ మొదలుపెట్టు, బయటపెట్టు, తాకట్టుపెట్టు అని వేషములు మార్చుటయు నిట్టిదే. మనవారు వ్రాఁతలో వీనిని దక్కువమాటలని విడిచిపెట్టుదురు. సంభాషణకుఁ బ్రాణము వీనియందే యున్నది.

ఎల్లలు కలియని మాటలు

రెండు భాషల మాటలు రెండు ప్రక్కప్రక్క గ్రామములవలె నెల్లలు సరిపోవునవి కావు. చెట్టుక్రిందఁ జల్లగాఁ గూర్చుండునది ‘షేడ్’. గోడపైఁ బడిన మనయాకృతి ‘షాడో’. తెలుఁగున రెండును నీడయే. చేతివ్రేలు ‘ఫింగర్’, కాలివ్రేలు ‘టో’. ‘సే’ అన్నను, ‘టెల్’ అన్నను మనకుఁ జెప్పుటయే. ఇట్టిచోట మన మొక్కమాటతో రెండు పనులు చేయఁబూని తొట్రుపడుదుము.

వీనిలో మిక్కిలి యపాయకరమైనది యనుమానము. ‘వాఁడు దొంగయని నాకనుమానము’ అనఁగాఁ దెలుఁగున వాఁడు దొంగయే యైయుండునని నా నమ్మకము. ఆంగ్లమున దీనిని ‘సస్పెక్ట్’ అనవలెను. ‘డౌట్’ అని వాడినచో నేఁటి సామాన్యవ్యవహారమున నర్థము తలక్రిందగును. వాఁడు దొంగ యనుమాటను నేను నమ్మఁజాల నని శ్రోత గ్రహించును. ఒక్కమాటచే సాక్షి తాను జెప్పఁదలఁచినదానికి సరిగా విరుద్ధమైనదానిని జెప్పినట్లగును.

మఱియొకవంక మన భేదముల నాంగ్ల మెఱుఁగదు. మేము, మనము అను రెంటికిని వారి కొక్క ‘వి’ మాత్రమే. బియ్యమునకును, అన్నమునకును ‘రైస్’ ఒక్కటే. పెదతండ్రి, పినతండ్రి, మేనమామ, మామగారిలో మొదటి మువ్వురును ‘అంకుల్’. అట్టిచోట మాటకై వెదకుట వ్యర్థము, వాక్యముతోనే వివరింపవలెను. ఏది మాటతోఁ దీఱును, ఏది వాక్యముతోఁ దీఱును అని తెలియుటయుఁ బదసంపదలో భాగమే.

మాటల గుణమును సాంగత్యమును

ఎల్లలు తెలిసినంతమాత్రమునఁ జాలదు, గుణము తెలియవలెను. సన్ననివానిని ‘థిన్’ అనుట యున్నమాట చెప్పుట. ‘స్లెండర్’ అనుట మెచ్చికోలు. ‘స్కిన్నీ’ అనుట యెగతాళి. మన నాజూకునకును బక్కకును గల భేద మిట్టిదే. బాలుని నిష్కాపట్యము గల పెద్దవాఁడు ‘చైల్డ్‌లైక్’. బాలునివలె మొండితనము చేయువాఁడు ‘చైల్డిష్’. సత్కార్యములచేఁ బేరందినవాఁడు ‘ఫేమస్’. దుష్కార్యములచేఁ బేరుమోసినవాఁడు ‘నొటోరియస్’. సన్మానపత్రమున రెండవమాట వ్రాసినచో సన్మాన మవమాన మగును.

గుణమువలెనే సాంగత్యమును ముఖ్యము. భోరున నేడ్తురు, పకపక నవ్వుదురు. పకపక నేడ్చుట లేదు. కాఫీ చిక్కనిది, వాన జోరైనది. ఇట్లే యాంగ్లమునఁ దేనీరు ‘స్ట్రాంగ్’, వాన ‘హెవీ’, గాలి ‘హై’ లేక ‘స్ట్రాంగ్’. వీనికిఁ దర్కము లేదు, వాడుకయే ప్రమాణము. మాటయొక్క స్వభావమును దాని చెలికాండ్రనుబట్టి తెలియవలెనని ఫర్త్ 1957లో వివరించెను. కాఁబట్టి మాట నొంటరిగా నేర్చినవాఁడు దానిని సగమే నేర్చినవాఁడు.

నిఘంటువులు, పర్యాయకోశములు

ఇందుకు సాధనములేవి? 1852వ సంవత్సరమున రెండు గ్రంథములు వెలువడినవి. ఒకటి మదరాసున ముద్రితమైన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొరగారి తెలుఁగు–ఆంగ్లనిఘంటువు. రెండవది లండనున వెలువడిన పీటర్ మార్క్ రాజెట్ గారి ‘థెసారస్’. రాజెట్ వైద్యుఁడు; 1805లోనే తన యుపయోగమునకై యొక చిన్నపట్టికను గూర్చుకొని, డెబ్బదిమూఁడవయేఁట దానిని విస్తరించి ప్రకటించెను. అందుఁ బదము లకారాదిక్రమమునఁ గాక భావక్రమమున నాఱు తరగతులుగాఁ గూర్పఁబడియున్నవి.

మనకిది క్రొత్తపద్ధతి గాదు. అమరసింహుని నామలింగానుశాసనము మూఁడు కాండములలో భావవర్గములుగానే పదములను గూర్చినది. పైడిపాటి లక్ష్మణకవి యాంధ్రనామసంగ్రహమును, అడిదము సూరకవి యాంధ్రనామశేషమును దెలుఁగున నా త్రోవనే త్రొక్కినవి. రాజెట్ తన పీఠికయొక్క యధోజ్ఞాపికలోఁ దనకుఁ దెలిసిన యిట్టి ప్రయత్నములలో నమరకోశమే ప్రాచీనతమ మని పేర్కొని, 1808లో శ్రీరామపురమున ముద్రితమైన కోల్‌బ్రూకుగారి యనువాదమును స్మరించెను. అమూర్తభావముల విషయమున నందలి క్రమము లోపభూయిష్ఠమని యాయన యాక్షేపించుటయు సత్యమే. అమరమును వల్లించి పెరిగిన సంప్రదాయమువారికిఁ బర్యాయకోశమును జూచి బెదరఁబనిలేదు.

కాని యొక హెచ్చరిక. పర్యాయకోశము మఱచినమాటను జ్ఞాపకము చేయును గాని, తెలియనిమాటను నేర్పఁజాలదు. అది ‘స్లెండర్’, ‘స్కిన్నీ’లను నొకేపంక్తిలోఁ గూర్చుండఁబెట్టును, వానికిఁ గల వైరమును జెప్పదు. కావునఁ గోశమునఁ గనుఁగొన్న మాటను నిఘంటువునఁ బరీక్షింపవలెను. శామ్యూల్ జాన్సన్ 1755నాఁటి నిఘంటువులో లక్షకుఁ బైగా గ్రంథవాక్యముల నుదాహరించి, మాట కర్థము వాడుకనుండి పుట్టునని చూపెను. 1884లో మొదటిభాగము వెలువడి 1928లో ముగిసిన ఆక్స్‌ఫర్డు నిఘంటువు 18 లక్షలకుఁ బైఁబడిన యుదాహరణములతో నా పద్ధతిని సంపూర్ణము చేసెను. నేఁడు చేతిలోని ఫోనునందే నిఘంటువులు లభించుచున్నవి. అర్థమును జూచి మూసివేయక, క్రిందనున్న యుదాహరణవాక్యముల రెంటినైనఁ జదువువాఁడే ఫలము పొందును. బ్రౌనుగారి గ్రంథము తెలుఁగుమాటనుండి బయలుదేఱువారి కిప్పటికిని మిత్రము. కాని యందలి యాంగ్లము పందొమ్మిదవ శతాబ్దిది కావున నేఁటి నిఘంటువుతో సరిచూచుకొనవలెను.

అభ్యాసవిధానము

ఎన్నిపదములు కావలెను? న్యూజీలండునకుఁ జెందిన పాల్ నేషన్ 2006లో లెక్కించి, సామాన్యగ్రంథములందలి మాటలలో నూటికి 98 తెలియుటకు 8,000 మొదలు 9,000 వఱకుఁ బదకుటుంబములు కావలెనని తేల్చెను. ‘హెల్ప్’, ‘హెల్ప్‌ఫుల్’, ‘హెల్ప్‌లెస్’ అనునవి యొక కుటుంబము. ఢాకాలో బోధకుఁడై వంగదేశపుఁ బిల్లల కష్టములను గన్న మైకేల్ వెస్ట్ 1953లోఁ బ్రకటించిన సామాన్యపదపట్టికలో నున్నవి సుమారు 2,000 మాత్రమే. చదివి తెలిసికొనుటకుఁ బదములు వేలు కావలెను. మనసులోనిది చెప్పుటకు నంతకంటెఁ జాలఁ దక్కువ చాలును, అవి చెప్పినట్లు వినునవి యైనచో. తెలిసినమాటను వాడుమాటగాఁ జేసికొనుటయే యసలు పని.

దీనికి నే నెఱిఁగిన మార్గమిది. మొదట దినమున జరిగిన యొక చిన్నవిషయమును దెలుఁగున మూఁడు వాక్యములలో, మీ యింటిమాటలతో వ్రాయుఁడు. ఉదాహరణము: “అవ్వ తడఁబడుచు లోనికి వచ్చి, చాపపైఁ గూలఁబడి, నిట్టూర్చినది.” దీనిని మొదటితూరి యాంగ్లమునఁ బెట్టినపుడు వచ్చెను, కూర్చుండెను, పెద్దగా నూపిరి విడిచెను అను నర్థమిచ్చు సామాన్యక్రియలు వచ్చును. తడఁబాటును, కూలఁబాటును, నిట్టూర్పును జాఱిపోయినవి. ఆ మూఁడు కంతలనే గుర్తుపెట్టుకొని, వానికి మాత్రమే మాటలు వెదకుఁడు. ‘స్టంబుల్’, ‘సింక్’, ‘సై’ అనునవి దొరకును. మూఁడును జిన్నమాటలే, మూఁడును బహుశః మీరు వేఱుచోట్లఁ జదివినవే. ఇట్లు కొఱఁతను ముందుగాఁ గనుఁగొని పిదపఁ జేరిన మాట మఱపునకు రాదు. ఏలయన దానికై మనసులో ముందే పీఁట వేసియుంచితిమి.

రెండవది, దొరకిన మాటను వాక్యముతోఁ గూడ వ్రాసికొనుఁడు. దాని చెలికాండ్రను, ప్రక్కమాటతో దానికిఁ గల భేదమును, అది తగనిచోటును గూడ నొక్కొక్క పంక్తిలోఁ జేర్పుఁడు. మూఁడవది, మరునాఁడును, వారమునకును, నెలకును దానిని మరల స్మరింపుఁడు. జర్మనుశాస్త్రజ్ఞుఁడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తనమీఁదనే పరీక్షలు చేసికొని 1885లోఁ బ్రకటించిన ఫలితములనుబట్టి, నేర్చినది మొదటి గంటలలోనే వేగముగా జాఱిపోవును. ఎడమిచ్చి చేసిన పునశ్చరణ యొకేసారి చేసిన వల్లెకంటె మేలు. మన వేదాధ్యాయులును, ఎక్కములు చెప్పించిన పంతుళ్ళును దీనిని శాస్త్రము లేకయే యెఱుఁగుదురు.

నాలుగవది, వ్రాసినదానిని మరలఁ జూచుట. ‘వెరీ’ అను మాట కనఁబడినచోట నాగి, దాని తోడిమాటతోఁ గలిపి యొక్కమాట దొరకునేమో చూడుఁడు. మిక్కిలి యలసినవానికి ‘ఎగ్జాస్టెడ్’, మిక్కిలి యాఁకలిగొన్నవానికి ‘రావెనస్’ అని కలవు. అయితే ప్రతివాక్యమును నిట్లు నింపరాదు. వంటలో నింగువవలె రీతిగల క్రియ యొక్కటి చాలును, సామాన్యక్రియ లన్నమువంటివి. 1935లో ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ అను నవలతో వ్రాఁత మొదలిడిన ఆర్. కె. నారాయణ్ సామాన్యమైన మాటలతోనే దక్షిణదేశపు వీథిని లోకమునకుఁ జూపెను. అట్టివారిని బిగ్గరగాఁ జదువుట యైదవ సాధనము.

మాట యవసరమునుండి పుట్టును గాని యాడంబరమునుండి కాదు. ధాన్యపుఁగొట్లను గొల్లగొట్టు పందికొక్కును వర్ణించుటకుఁ దమభాషయందు మాట లేకపోఁగా, నాంగ్లేయులు మన పందికొక్కునే ‘బాండికూట్’గాఁ జేసికొనిపోయిరి, ఆ పేరు పిదప నాస్ట్రేలియాలోని వేఱొక జంతువునకును దగులుకొన్నది. వారు మన మాటను శోభకై తీసికొనలేదు; చూచినదానిని జూచినట్లు చెప్పుటకుఁ దీసికొనిరి. మనమును వారి మాటల నట్లే తీసికొనవలెను.

తిరిగి యా తల్లియొద్దకుఁ బోవుదము. ఆమెకు నాంగ్లము రాదు. కాని మంటకును దిమ్మిరికిని, పీకునకును బోటునకును భేద మామెకుఁ దెలియును. కుమారుఁడు నేర్వవలసిన మొదటిపాఠ మామెనోటనే యున్నది. ఆమె చెప్పిన నాలుగు మాటలను నాలుగుగానే వినఁగలిగిననాఁడు, వానికి నాలుగాంగ్లపదములు దొరకుట యెంతసేపు? తల్లిమాటలోని చ్ఛాయను విననేర్చినవానికే పరభాషలోని చ్ఛాయలు పట్టువడును.